ఎవరో తెలియని అభ్యర్థులకు పోలీస్ కమిషనర్ ఓటు: లోపం ఓటరుదా, ఏర్పాటుదా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు ఇంగ్లండ్‌లోని స్లౌ పట్టణంలో ఉంటున్నారు, భారత పౌరులు, ఓటర్ల జాబితాలో మీ పేరు ఉంది. 2024 మే 2న థేమ్స్ వ్యాలీ పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్ ఎన్నికకు వెళితే చేతికి ఒకే ఒక బ్యాలెట్ పత్రం ఇచ్చారు. అందులో ఒక్క పేరూ మీకు తెలియదు, ఇంటికి ఒక్క కరపత్రమూ రాలేదు, తలుపు తట్టి ఓటు అడిగినవారూ లేరు. చివరికి పార్టీ గుర్తు చూసి ఓటు వేసి బయటికి వచ్చారు, ఇంటికి వెళ్ళేదాకా సిగ్గూ కోపమూ తగ్గలేదని రాశారు. ఇప్పుడు ఆ పదవినే ఎత్తివేస్తున్నారని విని మూడు సంగతులు అడిగారు: తెలుసుకోకపోవడం నా అలసత్వమా? ఏమీ తెలియనప్పుడు ఖాళీ పత్రం వేసి రావడం మేలా? పదవి పోయాక పోలీసులను నిలదీసేది ఎవరు?

సూటిగా చెబుతాను. లోపం ప్రధానంగా మీది కాదు. అభ్యర్థుల సమాచారం ఓటరు గడప దాకా చేరనవసరం లేదన్న నిర్ణయం ఈ పదవి పుట్టినప్పుడే జరిగింది. ఖాళీ పత్రం వల్ల మీ నిరసన ఎవరికీ చేరదు కాబట్టి దాన్ని నేను సమర్థించను. ఇక మూడో ప్రశ్నకు వస్తే, పోలీసులపై పర్యవేక్షణ పోలింగ్ రోజున జరిగేదానికంటే మిగిలిన నాలుగేళ్ళలో జరిగేదే ఎక్కువ. అందులో మీలాంటి వారికి చోటు ఇప్పుడూ ఉంది. 2028 తర్వాత ఆ చోటు ఎంత మిగులుతుందన్నదే నా ఆందోళన.

నేను ఈ మాటలు రెండు అనుభవాల నుంచి చెబుతున్నాను. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాను. మీది కాని మరో పోలీసు పరిధిలో ఎన్నికల రోజుల్లో పోలింగ్ క్లర్కుగా, ఆ తర్వాత ప్రిసైడింగ్ అధికారిగా పనిచేస్తూ వచ్చాను. దానితోపాటు కస్టడీ సందర్శకుడిగా, అంటే పోలీసు నిర్బంధంలో ఉన్నవారిని ముందస్తు సమాచారం లేకుండా వెళ్ళి చూసే స్వచ్ఛంద సేవకుడిగా, ఆ కమిషనర్ కార్యాలయానికే నివేదికలు రాస్తుంటాను.

ముందు ఈ పదవి ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువారిలో చాలామంది దీన్ని హైదరాబాద్, విజయవాడ పోలీస్ కమిషనర్ వంటి పదవిగా అనుకుంటారు. వీరు యూనిఫాం వేసుకున్న అధికారులు కారు, ఎన్నికైన ప్రజాప్రతినిధులు. 2011లో చేసిన చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో లండన్ మినహా 41 పోలీసు పరిధులకు ఒక్కొక్కరిని ఎన్నుకునే పద్ధతి వచ్చింది. అంతకుముందు కౌన్సిలర్లు, స్వతంత్ర సభ్యులు కలిసిన పోలీస్ అథారిటీలు ఈ పని చేసేవి. వాటిలో కూర్చునేవారెవరో సామాన్యులకు తెలియదన్నదే వాటిని రద్దు చేయడానికి చెప్పిన ప్రధాన కారణం. చీఫ్ కానిస్టేబుల్‌ను, అంటే ఆ పరిధి పోలీసు దళాధిపతిని, నియమించడం, అవసరమైతే తొలగించడం, పోలీసు బడ్జెట్‌ను ఖరారు చేయడం, మీ కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక పన్ను) బిల్లులో పోలీసులకు వెళ్ళే భాగాన్ని, అంటే పోలీసు పన్నును, నిర్ణయించడం, ఆ ప్రాంతానికి పోలీసు, నేర ప్రణాళికను రాయడం, బాధితులకు అందే సేవలకు డబ్బు కేటాయించడం కమిషనర్ పనులు. ఎవరిని అరెస్టు చేయాలి, ఏ కేసు ముందుకు నడపాలి అన్న విషయాల్లో మాత్రం కమిషనర్ వేలు పెట్టకూడదు. అది చీఫ్ కానిస్టేబుల్ స్వతంత్ర అధికారం.

మన రాష్ట్రాల్లో ఎస్సై పోస్టింగ్ విషయంలో ఎమ్మెల్యే మాట ఎంతవరకు చెల్లుతుందో అందరికీ తెలుసు, కానీ అది ఏ చట్టంలోనూ రాసి ఉండదు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నీ భద్రతా కమిషన్లను, పోలీసులపై ఫిర్యాదుల సంస్థలను ఏర్పాటు చేయాలని ఆదేశించింది, కానీ వాటి సభ్యులను కూడా ఆ పని కోసం ప్రజలు నేరుగా ఎన్నుకోరు. అందువల్ల పోలీసులను అదుపులో ఉంచే వ్యక్తిని నేరుగా ఎన్నుకునే హక్కు మనలో చాలామందికి ఈ దేశానికి వచ్చాకే తొలిసారి దక్కింది. కామన్వెల్త్ పౌరులుగా మనకు ఇక్కడ ఉన్న ఓటు చిన్న హక్కు కాదు. దాన్ని చీకట్లో వాడమన్నందుకు మీకు వచ్చిన కోపం పూర్తిగా న్యాయమైనది.

ఇక సమాచారం ఎక్కడ ఆగిపోయిందో చూద్దాం. పార్లమెంటు ఎన్నికలో ప్రతి అభ్యర్థీ ప్రతి ఓటరుకూ ఒక కరపత్రాన్ని ఉచితంగా పోస్టులో పంపుకోవచ్చు. మేయర్ ఎన్నికల్లో అభ్యర్థులందరి సందేశాలతో ఒక పుస్తకాన్ని ఎన్నికల అధికారులే ఓటర్లకు పంపిస్తారు. పోలీస్ కమిషనర్ ఎన్నికకు ఈ రెండింటిలో ఏదీ లేదు. ఖర్చు ఎక్కువవుతుందని ప్రభుత్వం ఉచిత పోస్టును నిరాకరించి, అభ్యర్థుల వివరాలన్నీ ఒక వెబ్‌సైటులో పెట్టింది. కాగితం మీద కావాలంటే ఫోన్ చేసి తెప్పించుకోమంది. ఎన్నికల సంఘం ఇంటింటికీ పంపిన చిన్న పుస్తకం ఈ ఎన్నిక ఏమిటో, ఓటు ఎలా వేయాలో చెప్పింది తప్ప అభ్యర్థులెవరో చెప్పలేదు. తొలి ఎన్నికను 2012 నవంబర్ 15న, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే చలికాలంలో పెట్టారు. పోలింగ్ సుమారు 15% దగ్గర ఆగిపోయింది. వేల్స్‌లోని న్యూపోర్ట్ నగరంలో ఒక పోలింగ్ కేంద్రానికి రోజంతా ఒక్క ఓటరు కూడా రాలేదు.

ఆ తర్వాత అంకెలు పెరిగాయని కొందరు చెబుతారు. పెరిగినది ఈ పదవి మీద ఆసక్తి కాదు. 2016లో వేల్స్ అసెంబ్లీ ఎన్నికలు అదే రోజున జరగడంతో అక్కడ కమిషనర్ ఎన్నికలోనూ పోలింగ్ 40% దాటింది. ఇతర ఎన్నికలేవీ లేని ఇంగ్లండ్ ప్రాంతాల్లో 20% దగ్గరే ఉండిపోయింది. 2021లో చాలాచోట్ల స్థానిక ఎన్నికలు కలిసి వచ్చాయి, మొత్తం మీద మూడో వంతు మంది ఓటు వేశారు. 2024లో మళ్ళీ సుమారు 23%కు దిగింది. మీ స్లౌనే తీసుకోండి. అక్కడ కౌన్సిల్ మొత్తానికి 2023లోనే ఎన్నిక జరిగింది కాబట్టి 2024 మేలో మీకు ఇచ్చినది ఆ ఒక్క పత్రమే. పక్కనే ఉన్న రెడింగ్‌లో అదే రోజు కౌన్సిల్ ఎన్నిక కూడా ఉంది. అక్కడివారు తమ వార్డు కౌన్సిలర్ కోసం వెళ్ళి, ఇచ్చిన రెండో పత్రం మీదా గుర్తు పెట్టి వచ్చారు.

పోలింగ్ బల్ల వెనక కూర్చున్నవారికి ఇది ఎలా కనిపిస్తుందో చెబుతాను. ఓటరు గుర్తింపు కార్డు చూపిస్తారు, జాబితాలో పేరు మీద గీత గీసి పత్రం ఇస్తాం. కమిషనర్ ఎన్నికలో చాలామంది అక్కడే ఆగిపోయి, పత్రాన్ని పై నుంచి కిందికి చదివి, "వీళ్ళెవరండీ?" అని మమ్మల్నే అడుగుతారు. అభ్యర్థుల గురించి ఒక్క మాట కూడా మేము చెప్పకూడదు. ఓటు ఎలా వేయాలో వివరించే గోడ పత్రాన్ని చూపించగలం, అంతే. ఒక పెద్దావిడ వెనక్కి వచ్చి, వీరిలో మునుపు పోలీసు శాఖలో పనిచేసినవారు ఎవరైనా ఉన్నారా అని నెమ్మదిగా అడిగారు. చాలా తెలివైన ప్రశ్న. జవాబు నాకు తెలిసినా చెప్పే అధికారం లేదు, పత్రం మీద చూసుకోవడానికి పేరు, చిరునామా, పార్టీ గుర్తు తప్ప మరేమీ లేవు. ఆవిడ కాసేపు పెన్సిల్ పట్టుకుని నిలబడి, ఏదో ఒక గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వేశారు. అలాంటి ఓటరును ఉదాసీనురాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సమాచారం లేనిచోట పార్టీ గుర్తే సమాచారం అవుతుంది. 2012లో 41 మందిలో 12 మంది స్వతంత్రులు గెలిచారు. పోలీసింగ్‌ను రాజకీయాలకు దూరంగా ఉంచాలన్న భావన ఓటర్లలో అప్పుడు బలంగానే ఉంది. 2016కు ఆ సంఖ్య మూడుకు పడిపోయింది. 2021లోనూ 2024లోనూ ఒక్కరూ గెలవలేదు. ఎలా గెలుస్తారు? పార్లమెంటు అభ్యర్థి ధరావతు 500 పౌండ్లయితే దీనికి 5,000 పౌండ్లు. థేమ్స్ వ్యాలీ పరిధి బెర్క్‌షైర్, బకింగ్‌హమ్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ మూడు కౌంటీలు కలిసి 24 లక్షలకు పైగా జనాభాది. ఉచిత పోస్టు లేకుండా, పార్టీ కార్యకర్తలు లేకుండా ఒక వ్యక్తి అంతమందికి తన పేరైనా చెప్పుకోలేడు. మీరు గుర్తు చూసి వేయడం సోమరితనం కాదు, మీ చేతికి ఇచ్చినది అదొక్కటే.

అయితే ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఎవరు గెలిస్తే ఏమిటి, ఈ పదవికి పనేమీ లేదు అన్న ధోరణి మీ ప్రశ్నలో కొంచెం కనిపించింది. అది నిజం కాదు. పైన చెప్పిన న్యూపోర్ట్ నగరం గ్వెంట్ పోలీసు పరిధిలోకి వస్తుంది. ఆ పరిధిలో 2012లో దాదాపు 14% మందే ఓటు వేశారు, స్వతంత్రుడిగా ఇయాన్ జాన్‌స్టన్ గెలిచారు. ఏడు నెలలు తిరగకుండానే, 2013 జూన్‌లో, పదవీ విరమణ చేయకపోతే తొలగిస్తానని ఆయన చీఫ్ కానిస్టేబుల్ కార్మెల్ నేపియర్‌కు చెప్పారు, ఆమె విరమించుకున్నారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. పార్లమెంటు హోం వ్యవహారాల కమిటీ కూడా దాన్ని ప్రశ్నించింది. ఆ ప్రాంతంలో ప్రతి ఏడుగురిలో ఆరుగురు పాల్గొనని ఎన్నిక, అక్కడి పోలీసు అధిపతి ఎవరన్నదాన్ని మార్చేసింది.

దక్షిణ యార్క్‌షైర్ ఉదంతం దీనికంటే బాధాకరమైనది. అక్కడ 2012లో గెలిచిన షాన్ రైట్ అంతకుముందు రోథరమ్ కౌన్సిల్‌లో పిల్లల సేవలకు బాధ్యుడిగా ఉన్నారు. ఆ పట్టణంలో ఏళ్ళ తరబడి జరిగిన పిల్లల లైంగిక దోపిడీపై 2014 ఆగస్టులో నివేదిక వచ్చింది. బాధితులు సుమారు 1,400 మంది ఉంటారని అంచనా వేసింది. ఆయన రాజీనామా చేయాలని సొంత పార్టీ, హోం మంత్రి కోరినా వారాల పాటు కదలలేదు. చట్టంలో ఆయన్ను దించే మార్గమే లేదు, ఎందుకంటే కౌన్సిలర్లతో కూడిన పోలీస్ అండ్ క్రైమ్ ప్యానెల్ ప్రశ్నించగలదు కానీ తొలగించలేదు. రెండేళ్ళకు మించి జైలుశిక్ష పడగల నేరంలో అభియోగం నమోదైతేనే సస్పెండ్ చేయగలదు. చివరికి సెప్టెంబర్‌లో ఆయనంతట ఆయనే తప్పుకున్నారు. తర్వాత జరిగిన ఉప ఎన్నికలో, అంత జరిగిన చోట కూడా, పోలింగ్ 15%కు చేరలేదు. ప్రజలకు పట్టింపు లేకనా? ఆ నెలల్లో ఆ ప్రాంతపు ఆగ్రహం దేశమంతా చూసింది. పట్టింపు ఉన్నవారికి కూడా ఈ బ్యాలెట్ పత్రం తమ ఆగ్రహానికి దారిగా కనిపించలేదు.

దీనికి ఎదురుగా ఒక ఉదాహరణ ఉంది, నా అభిప్రాయానికి అదే పెద్ద ఆధారం. 2015లో బెడ్‌ఫర్డ్‌షైర్ కమిషనర్ పోలీసు పన్నును 15.8% పెంచాలని ప్రతిపాదించారు. అనుమతించిన హద్దు దాటినందువల్ల ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి అయింది. సాధారణ ఎన్నికల రోజునే అది జరిగింది. పెంచితే పోలీసులు పెరుగుతారు, ఇంటి బిల్లు ఇంత పెరుగుతుంది అన్న ప్రశ్న అందరికీ అర్థమైంది. దాదాపు 70% మంది వద్దన్నారు. ఆ తీర్పు నాకు నచ్చిందా లేదా అన్నది ముఖ్యం కాదు. అడిగేదేమిటో తెలిసినప్పుడు అదే ఓటరు స్పష్టంగా జవాబు చెప్పగలడు.

మీ రెండో ప్రశ్న ఖాళీ పత్రం గురించి. లెక్కింపు హాలులో ఏం జరుగుతుందంటే, గుర్తులేని పత్రాలు, రాతలు రాసిన పత్రాలు సందేహాస్పదమైనవిగా పక్కన పెడతారు, అధికారి అభ్యర్థుల ప్రతినిధుల ఎదుట వాటిని చూసి తిరస్కరిస్తారు. చివరి ప్రకటనలో అవి సంఖ్యలుగా మిగులుతాయి. నిరసనతో వదిలేసిన పత్రాలు ఎన్నో వేరుగా చూపే లెక్క ఏదీ ఉండదు. భారతదేశంలో ఉన్న నోటా వంటి గడి ఇక్కడ లేదు. 2012లో తిరస్కరించిన పత్రాలు మామూలు కంటే చాలా ఎక్కువ వచ్చాయి, కొన్నింటిపై ఓటర్లు తమ కోపాన్ని వాక్యాలుగా రాశారు. ఆ వాక్యాలను చదివినవారు లెక్కింపు సిబ్బంది, ఏజెంట్లు మాత్రమే. మీ కోపాన్ని ఒక ఈమెయిల్‌గా రాసి మీ ఎంపీకి పంపితే దానికి కనీసం జవాబు వస్తుంది.

సమాచారం తక్కువ ఉన్న ఇలాంటి ఎన్నిక మళ్ళీ ఎదురైతే నేను చూసేవి ఇవి, అన్నీ కలిపి అరగంట పని. అభ్యర్థి ప్రకటనలో వీధుల్లో ఎక్కువ పోలీసులు అన్న మాట అందరూ రాస్తారు కాబట్టి దాన్ని దాటి, పోలీసు పన్ను గురించి స్పష్టంగా ఏమన్నారో చూస్తాను. పదవిలో ఉన్నవారే మళ్ళీ పోటీ చేస్తుంటే, వారి ప్రణాళికలో రాసినదాన్ని పోలీసు తనిఖీ సంస్థ ఆ దళంపై ఇచ్చిన నివేదికతో పోల్చి చూస్తాను. ఆ నివేదికలు అందరికీ అందుబాటులో ఉంటాయి, విభాగాల వారీగా బాగుంది, సరిపోదు వంటి ముద్రలతో సులువుగానే చదవవచ్చు. కేసుల్లో జోక్యం చేసుకుంటానని, ఫలానా వారిని అరెస్టు చేయిస్తానని వాగ్దానం చేసే అభ్యర్థి తనకు లేని అధికారాన్ని అమ్ముతున్నాడు. అతనికి నేను ఓటు వేయను.

ఇక రద్దు సంగతి. ఈ పదవులను ప్రస్తుత కాలపరిమితి ముగిసే 2028 మే నాటికి ఎత్తివేస్తామని ప్రభుత్వం 2025 నవంబర్‌లో ప్రకటించింది. నేరుగా ఎన్నికైన మేయర్లు ఉన్నచోట బాధ్యత వారికి వెళుతుంది. గ్రేటర్ మాంచెస్టర్‌లో 2017 నుంచి, వెస్ట్ యార్క్‌షైర్‌లో 2021 నుంచి అలాగే ఉంది. మేయర్లు లేని ఇంగ్లండ్ ప్రాంతాల్లో కౌన్సిల్ నాయకులతో బోర్డులు ఏర్పడతాయి. తక్కువ పోలింగును, కమిషనర్ పేరు చెప్పగలిగినవారు చాలా తక్కువ అన్న సంగతిని ప్రభుత్వం కారణాలుగా చూపింది.

నిజం చెప్పాలంటే ఈ వాదన నన్ను బాధపెడుతుంది. అభ్యర్థుల వివరాలు ఇంటికి పంపకూడదని నిర్ణయించినది ప్రభుత్వమే. ఓటర్లకు తెలియలేదన్నదాన్ని రద్దుకు కారణంగా చూపిస్తున్నదీ ప్రభుత్వమే. మధ్యలో పదమూడేళ్ళలో అభ్యర్థుల వివరాల పుస్తకాన్ని ఒక్కసారైనా అన్ని ఇళ్ళకూ పంపి చూడలేదు. మేయర్ చేతికి వెళ్ళడం మంచిదే కావచ్చు, కనీసం ఆ పేరు జనానికి తెలుస్తుంది. కానీ రవాణా, గృహనిర్మాణం, పోలీసు అన్నీ చూసే మేయర్‌కు వేసే ఒక్క ఓటులో పోలీసుల పనితీరు మీద మీ అభిప్రాయం ఎంత ఉంటుంది? బోర్డులు ఏర్పడే చోట మనం 2012కు ముందున్న అథారిటీల దగ్గరికే దాదాపుగా తిరిగి వెళుతున్నాం.

మీరు 2028 దాకా ఆగనవసరం లేదు. వచ్చే ఏడాది పోలీసు పన్ను ఎంత ఉండాలో కమిషనర్ ఫిబ్రవరి మొదట్లోపు ప్యానెల్‌కు చెప్పాలి కాబట్టి, దానికి ముందు చలికాలంలో ప్రజాభిప్రాయం అడుగుతారు. కొద్ది నిమిషాల్లో పూరించే ఆ ప్రశ్నావళికి జవాబిచ్చేవారు తక్కువ, అందువల్ల ఒక్కొక్క జవాబుకూ బరువుంటుంది. ప్యానెల్ సమావేశాలకు ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, చాలాచోట్ల ముందుగా రాసి పంపితే ప్రశ్న కూడా అడగనిస్తారు. పోలీసులపై మీరిచ్చిన ఫిర్యాదును వారు పరిష్కరించిన తీరు నచ్చకపోతే, తీవ్రమైనవి కాని చాలా ఫిర్యాదుల్లో పునఃపరిశీలన కోరవలసినది 2020 నుంచి కమిషనర్ కార్యాలయాన్నే.

అన్నింటికంటే నేను మీకు సూచించేది కస్టడీ సందర్శన. చట్టం ప్రకారం ప్రతి పరిధిలోనూ ఇది ఉండాలి, నడిపేది కమిషనర్ కార్యాలయమే. ఇద్దరిద్దరుగా, చెప్పకుండా, రాత్రి పగలు ఏ వేళకైనా వెళతాం. ప్రమాదకర పరిస్థితి ఉంటే తప్ప కస్టడీ సార్జెంట్ మమ్మల్ని ఆపకూడదు. ఇష్టపడిన నిర్బంధితులతో సెల్ తలుపు దగ్గర మాట్లాడతాం. ఏ నేరం మీద తెచ్చారని అడగం. హక్కులు చెప్పారా, లాయర్ కావాలా అని అడిగారా, ఇంటివారికి కబురు వెళ్ళిందా, భాష రాకపోతే దుబాసీని పిలిచారా, తిండి, నీళ్ళు, దుప్పటి ఇచ్చారా, సెల్‌లోని పిలుపు గంట నొక్కితే ఎంతసేపటికి పలికారు అన్నవే మా ప్రశ్నలు. ఒక కేంద్రంలో రాత్రి వేళ దుప్పట్లు చాలడం లేదని మేము వరుసగా రాస్తూ వచ్చాం. కమిషనర్ కార్యాలయంలోని ఉద్యోగి ఆ కాగితాలన్నీ ఒకచోట పేర్చి చీఫ్ కానిస్టేబుల్ ముందు పెట్టాక దుప్పట్లు వచ్చాయి.

పద్దెనిమిదేళ్ళు నిండి, ఆ పరిధిలో ఉంటున్నవారు లేదా పనిచేస్తున్నవారు దరఖాస్తు చేయవచ్చు; బ్రిటిష్ పౌరసత్వం ఉండాలన్న షరతు సాధారణంగా ఉండదు కానీ మీ నేపథ్యంపై పోలీసు తనిఖీ ఉంటుంది, అందుకు ఈ దేశంలో కొంతకాలంగా నివసించి ఉండాలని అడుగుతారు. పోలీసు శాఖలో పనిచేస్తున్నవారిని తీసుకోరు. తనిఖీ పూర్తవడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి, ఆసక్తి ఉంటే థేమ్స్ వ్యాలీ కమిషనర్ కార్యాలయం వెబ్‌సైటులో దరఖాస్తులు తెరిచారో లేదో ఈ వారమే చూడండి. దరఖాస్తులో ఏం రాయాలన్న సందేహం వస్తే ఇక్కడే అడగండి, వివరంగా చెబుతాను.